కృత్తిక, రోహిణి కార్తెల్లో పిడుగు జాగ్రత్తలు

ఈ కార్తెల్లో చిక్కబళ్లాపురం జిల్లాకు వానకన్నా ముందు ఉరుము వస్తుంది. మధ్యాహ్నం దాకా ఎండ మండిపోతుంది, మూడు దాటేసరికి ఒక దిక్కున నల్లమబ్బు లేస్తుంది. అప్పటికి బాగేపల్లి, చింతామణి తాలూకాల రైతు టమోటాలు బాక్సులకెత్తుతూనో, మామిడి తోటలోనో, గొర్రెల వెంట బీడులోనో ఉంటాడు. చినుకు పడితే చూద్దాంలే అని పని ఆపడు. పిడుగు చినుకు కోసం ఆగదు. మబ్బుకు పది కిలోమీటర్ల అవతల, వాన లేని చోట కూడా పడుతుంది.

బడిలో దువ్వెనను తలకు రుద్ది కాగితం ముక్కలను ఎగరేసిన పిల్లలకు పిడుగు పుట్టే సంగతి సగం తెలిసినట్టే. కింద మనకు ఎంత ఎండ ఉన్నా, పది కిలోమీటర్లకు పైగా పెరిగిన మబ్బు నడినెత్తిన మంచు ఉంటుంది. అక్కడ మంచు పలుకులు, మెత్తని వడగళ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి. మబ్బు అడుగున రుణావేశం పోగవుతుంది. దానికి ఎదురుగా నేల మీద ధనావేశం చేరుతుంది. మధ్యనున్న గాలి ఇక అడ్డుకోలేనప్పుడు పిడుగు పడుతుంది. అది పోయే దారిలో గాలి దాదాపు 30,000 డిగ్రీల సెల్సియస్‌కు కాగి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. ఆ చప్పుడే ఉరుము.

మెరుపుకూ ఉరుముకూ నడుమ మూడు సెకన్లు పడితే పిడుగు కిలోమీటరు దూరంలో పడినట్టు. మెరవగానే అర్జునుడి పేర్లు తలచుకునే అలవాటు మన ఇళ్లలో ఉంది. తలచుకోండి, వెంటనే అంకెలూ లెక్కపెట్టండి. ముప్పై లోపు ఉరిమిందా, చేతిలో పని అక్కడే వదిలి పక్కా ఇంట్లోకో, తలుపులు మూసిన కారులోకో, వ్యానులోకో వెళ్లండి. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా బయటికి రావద్దు. ట్రాక్టరు మీద టాపు ఉన్నంత మాత్రాన అది కారుతో సమానం కాదు.

చింతచెట్టు నీడ ఎండకే పనికొస్తుంది. పిడుగు చెట్టు మీద పడి, పక్కన నిలబడిన మనిషి మీదికి దూకుతుంది, లేదా వేళ్ల వెంట నేలలోకి పాకుతుంది. పశువులు గుంపులుగా పోయేది ఇందువల్లే. ఆవు ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ మధ్య దూరం ఎక్కువ, ఆ నడుమ పారే విద్యుత్తు గుండె మీదుగా పోతుంది. కాబట్టి మబ్బు కమ్మే రోజున మందను చెట్టు కింద కట్టకండి, పెందలాడే ఇంటికి తోలండి. ద్రాక్ష పందిరి తీగలు, టమోటా కర్రలకు లాగిన ఇనుప తీగ, పొలం కంచె, వీటి మీద ఎక్కడో దూరాన పిడుగు పడినా మీ చేతిదాకా వస్తుంది. బయలులో చిక్కుకుపోతే కాళ్లు దగ్గరగా పెట్టి గొంతుకూర్చోండి. నేల మీద పడుకోవద్దు, నలుగురు ఒకచోట గుమిగూడవద్దు.

బోరు స్టార్టరు డబ్బాను ఉరుములు మొదలయ్యాక ముట్టుకోకండి. మబ్బు పట్టగానే మెయిను తీసేయడం మేలు. ఎర్తు గుంట వేసవిలో ఎండిపోతుంది, వారానికోసారి బిందెడు నీళ్లు పోయండి. ఎండిన ఎర్తు ఉన్నా లేనట్టే.

సెల్‌ఫోను పిడుగును పిలుస్తుందన్న మాట నిజం కాదు. పైగా అదే ముందు హెచ్చరిస్తుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వారి దామిని, కర్ణాటక ప్రభుత్వ విపత్తు పర్యవేక్షణ కేంద్రం వారి సిడిలు యాప్‌లు ఇందుకే ఉన్నాయి. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందన్న భయమూ అనవసరం. ఆ ఒంట్లో విద్యుత్తు నిలవదు. పేడ పూస్తూ కూర్చోకుండా 108కు ఫోను చేయండి. ఊపిరి ఆగితే అంబులెన్సు వచ్చేదాకా ఛాతీ మధ్యన గట్టిగా, నిమిషానికి నూరుకు తగ్గకుండా నొక్కుతూ ఉండండి.

ఉరుముల వానకు పైరు పచ్చబడుతుందంటారు, అబద్ధం కాదు. మెరుపు గాలిలోని నత్రజనిని కొంత నేలకు దించుతుంది. అయితే 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 20 కిలోల నత్రజని ఉంటుంది, మెరుపు ఇచ్చేది దానిలో చిన్న భాగం. దాన్ని నమ్మి ఎరువు తగ్గించకండి.

ఇక భూమిలోంచి వచ్చే ఉరుము. 2021 డిసెంబర్ 22 ఉదయం ఏడు గంటలు దాటాక చిక్కబళ్లాపురం తాలూకాలో కొద్ది నిమిషాల తేడాతో రెండుసార్లు భూమి కంపించింది. తీవ్రత మూడుకు అటూ ఇటూ. ఏళ్ల కరువు తర్వాత ఆ ఏడాది వానలు విపరీతంగా కురిశాయి. అలాంటప్పుడు నీరు రాతి పగుళ్లలోకి దిగి ఒత్తిడి మారడం వల్ల ఇలాంటి చిన్న కంపనాలు, శబ్దాలు వస్తాయని శాస్త్రజ్ఞులు చెబుతారు. 2002 నాటి భారత ప్రమాణంలో మన ప్రాంతం అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న రెండో మండలంలో ఉంది. ఫలానా రోజున భూకంపం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి, అది ముందుగా చెప్పగల శాస్త్రం ఇంకా లేదు. మట్టిగోడల మీద రాతిబండలు పరిచిన మిద్దెల్లో, కొట్టాల్లో ఉండేవారు మాత్రం పగిలిన బండలను, ఉబ్బిన గోడలను వానలు ముదరకముందే ఈ కార్తెల్లోనే బాగుచేయించుకోండి.