గోడకు ఇవతల బిడ్డ

గ్వాలియర్ కోటలో ఆరవ గురువు హర్‌గోబింద్ సాహిబ్ గారు బందీగా ఉన్నప్పుడు, బాబా బుడ్ఢా గారి వెంట సంగత్ అమృత్‌సర్ నుండి నడిచి వెళ్ళిందని మన పెద్దలు చెబుతారు. లోపలికి పోనివ్వలేదు. కోట గోడకే మొక్కి వచ్చారు. గురువు గారు ఏ నేరమూ ఎరుగరు. మన ఇంటి తండ్రి చేసి ఉండవచ్చు, చేయక ఉండవచ్చు. బిడ్డ మాత్రం ఏమీ చేయలేదు.

సూరత్‌లో తండ్రి లాజ్‌పోర్ జైలుకు వెళితే, "నాన్న పనికి ఊరెళ్ళాడు" అని బిడ్డకు చెబుతాం. నిజం వీధిలో తెలుస్తుంది. ఇక బిడ్డ మనల్నీ నమ్మడు. అందుకే ఇంటివాళ్ళే, చిన్న మాటల్లో, ముందే చెప్పాలి. "ఇది నీ వల్ల జరగలేదు" అని తప్పక చెప్పాలి. తామే ఏదో చేశామని పిల్లలు లోలోపల అనుకుంటారు.

తరువాత పదిమంది జాలి కాదు, తోడుగా ఒక మనిషి కావాలి. మామయ్యో, బాబాయో వారం వారం వచ్చి చదువు చూడాలి, ములాఖాత్‌కు తల్లీబిడ్డలతో వెళ్ళాలి. కొలిమి దగ్గర నాలుగు రూపాయలు వస్తాయని బడి మాన్పించడం మేలు కాదు.

తల్లే జైల్లో ఉంటే? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంపై ఆర్.డి. ఉపాధ్యాయ్ వేసిన కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది: ఆరేళ్ళు నిండేవరకు బిడ్డ తల్లి దగ్గర ఉండవచ్చు. తరువాత ప్రభుత్వ హోంలో ఉంచితే వారానికి ఒక్కసారైనా తల్లిని చూపించాలి. జైల్లో పుట్టిన బిడ్డకైనా జనన పత్రంలో జైలు పేరు రాయకూడదు. కోర్టు కాగితం మీద వద్దన్న ఆ పేరును లంగర్ పంక్తిలో మనమే "జైలోడి కొడుకు" అని తగిలిస్తున్నాం.

చూసుకునే దిక్కు లేని బిడ్డ మీ వాడలో ఉంటే 1098కి ఫోన్ చేయండి. డబ్బు పడదు.