డ్రాప్ పడితే ఏం చెయ్యాలి? బీజీఎంఐ స్క్వాడ్‌కి నా చిట్కాలు

మా ఆకివీడులో సాయంత్రమైతే ఏ అరుగు మీద చూసినా నలుగురు పిల్లలు, నాలుగు ఫోన్లు, అన్నిట్లో బీజీఎంఐ ఆటే. "ఆపండ్రా" అని అరిచి అరిచి నా గొంతే పోతోందని, చివరికి నేనే మా పిల్లల స్క్వాడ్‌లో నాలుగో మనిషిగా చేరాను. వీళ్లందరికీ కాల్చడం బాగా వచ్చు. ఆకాశంలోంచి డ్రాప్, అంటే సామాను డబ్బా, పడ్డప్పుడు నలుగురూ కలిసి ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ తెలీదు. ఆడి, ఆడించి చూసినవే చెబుతున్నాను వదినా, మీ పిల్లలకీ చదివి వినిపించండి.

1. ఆట మొదలుపెట్టక ముందే ఒకళ్లని పెద్దగా అనుకోండి. విమానం మోత వినపడ్డాక "వెళ్దామా, వద్దా" అని నలుగురూ వాదించుకుంటూ కూర్చుంటే, అది తేలేలోగా డబ్బా ఎవరో విప్పేసుకుంటారు.

2. ఆ పెద్ద బాగా కాల్చేవాడే అవ్వక్కర్లేదు, మ్యాప్ చూసుకుంటూ నిదానంగా మాట్లాడేవాడైతే చాలు. మా ఇంట్లో ఆ పని చిన్నాడిది. పెద్దాడికి గురి ఉంది గానీ ఓపిక లేదు.

3. డ్రాప్ కనపడగానే ముందు మన బ్యాగులు చూసుకోండి. నలుగురికీ గట్టి హెల్మెట్లు, మంచి స్కోపులు, సరిపడా మందులు ఉంటే ఆ డబ్బా జోలికే వెళ్లకండి, ఉన్నవి దక్కుతాయి.

4. ఏడబ్ల్యూఎం అనే తుపాకీ కోసమైతే వెళ్లొచ్చు. లెవెల్ త్రీ హెల్మెట్ పెట్టుకున్నవాడు కూడా దాంతో తలకి ఒక్కటి తగిలితే పడిపోతాడు.

5. ఆ తుపాకీ ఎవరికన్నది ఇంట్లో కూర్చున్నప్పుడే తేల్చుకోండి. దాని తూటాలు డబ్బాలో వచ్చినన్నే కాబట్టి గురి ఉన్నవాడికి ఒక్కడికే ఇస్తే వృథా అవ్వవు, డబ్బా దగ్గర అన్నదమ్ముల తగువూ ఉండదు.

6. కాళ్లతో పరిగెత్తి చేరాల్సిన డ్రాప్ మనది కాదనుకోండి. ఎరాంగెల్ మ్యాప్ ఎనిమిది కిలోమీటర్ల పొడవు, ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు. బండి చేతిలో లేకపోతే సగం దూరంలోనే ఎవరో ఒకరు వేసేస్తారు.

7. బండి దొరికితే నలుగురు పట్టేది తీసుకోండి. బగ్గీలో ఇద్దరికే చోటు, మిగతా ఇద్దరూ వెనకపడితే స్క్వాడ్ రెండు ముక్కలైపోతుంది.

8. డబ్బా జోన్ (ఆటలో సురక్షితమైన వలయం) బయట పడితే వదిలేయండి. తిరిగి లోపలికి వచ్చే దారిలో ఇంకో స్క్వాడ్ కాపు కాసే ఉంటుంది, నీలం గోడ వెనక నుంచి తరుముతూ ఉంటుంది.

9. బయల్దేరే ముందు తుపాకులన్నీ నింపుకుని, ఎనర్జీ డ్రింక్ తాగేయండి. అక్కడికి వెళ్లాక తాగుదామంటే కుదరదు, తాగుతూ నిలబడ్డవాడే ముందు నాక్ అయ్యేది.

10. ఇది అన్నిటికంటే ముఖ్యం, కాస్త నిదానంగా వినండి. తిన్నగా డబ్బా దగ్గరికి పోకండి, దాన్ని పైనుంచి చూసే మిట్టెక్కడుందో వెతుక్కుని ముందు అది పట్టండి. థర్డ్ పర్సన్‌లో ఆడేటప్పుడు చెట్టు వెనకో గోడ వెనకో ఉన్నవాడు తల బయటపెట్టకుండానే ఎదుటివాణ్ణి చూడగలడు, మైదానంలో పరిగెత్తుకొచ్చేవాడికి మాత్రం వాడు కనపడడు. అందుకే ముందొచ్చి మాటు చూసుకున్న స్క్వాడ్‌కి సగం పని అప్పుడే అయిపోతుంది. మా చిన్నాడు మిట్ట దగ్గర బండి ఆపగానే పది అంకెలు లెక్కబెడతాడు. ఆ పది అంకెల్లోపు గడ్డిలో ఎవరో ఒకరు కదులుతారు, చూస్తూ ఉండండి.

11. ఇద్దరు మిట్ట మీద, ఒకడు డబ్బా దగ్గరికి, ఒకరు వెనక కాపలా. వెనక కాపలా ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి అది నాకే ఇస్తారు, కానీ స్క్వాడ్‌లన్నీ చచ్చేది వెనక నుంచి వచ్చినవాళ్ల చేతుల్లోనే.

12. డబ్బాకి వెళ్లేవాడు ముందే బ్యాగులో పనికిరానివి పారేసుకోవాలి. "బ్యాగ్ ఫుల్" అని వచ్చాక అక్కడ కూర్చుని ఏరుకోవడం మొదలెడితే, పై నుంచి చూసేవాడికి అంతకంటే సుళువు ఏముంది.

13. రెండు స్మోకులు ఎక్కువే ఉంచుకోండి. ఒకటి డబ్బా మీద, ఇంకోటి మనవాళ్లెవరూ లేని పక్కన వేస్తే, ఎదుటి స్క్వాడ్ తూటాలన్నీ ఆ ఖాళీ పొగలోనే ఖర్చుపెట్టుకుంటుంది.

14. బండి ముందుభాగం తిరిగివెళ్లే దారి వైపు పెట్టి ఆపండి. పారిపోయేటప్పుడు రివర్స్ తీసుకునే తీరిక ఉండదు.

15. బండి చాటున నిలబడొచ్చు, పొగ మొదలైతే మాత్రం దూరం జరగండి. పేలిందంటే పక్కనున్న ఇద్దరూ ఒకేసారి పడిపోతారు.

16. "అక్కడ అక్కడ" అని అరిస్తే ఎవరికీ అర్థం కాదు. తెర పైన దిక్సూచిలో ఉండే అంకె చెప్పండి: "రెండొందల పది, చెట్టు వెనక, ఒకడు". ముగ్గురి తుపాకులూ ఒకేసారి అటు తిరుగుతాయి.

17. కాల్పులు జరిగేటప్పుడు ఒక్కరే మాట్లాడాలి. కిందపడినవాడు "అయ్యో నన్ను లేపండి" అని రాగాలు తీస్తే పక్కవాళ్లకి అడుగుల చప్పుడు వినపడదు.

18. డబ్బా దగ్గర అప్పటికే రెండు స్క్వాడ్‌లు కొట్టుకుంటుంటే ఆగండి. రొయ్యల పట్టుబడి రోజున కొంగలు నీళ్లలోకి దిగకుండా గట్టు మీద ఎలా నిలబడతాయో అలా నిలబడండి. తెర మీద ఎవరు ఎవర్ని పడగొట్టారో పేర్లు వస్తూనే ఉంటాయి. అవి లెక్కబెట్టుకుని అటొకడు, ఇటొకడు మిగిలాక దిగితే డబ్బాతోపాటు ఆ రెండు స్క్వాడ్‌ల సామానూ మనదే.

19. మనవాడు పడితే ముందు స్మోక్, తర్వాతే లేపడం. లేపడానికి పది సెకన్లు పడుతుంది, బయట కూర్చుని లేపితే ఇద్దరూ పోతారు.

20. వెనక్కి వచ్చేయడానికి ఒక్క మాట పెట్టుకోండి. మేం "వదిలెయ్" అంటాం; అది వినపడితే ఏడబ్ల్యూఎం అర చెయ్యి దూరంలో ఉన్నా సరే, నలుగురూ బండెక్కేయాల్సిందే.

21. ఎర్ర జోన్‌లో బాంబులు పడుతున్నప్పుడు డబ్బా కనపడితే పక్క ఇంట్లో దూరి కూర్చోండి. ఇంట్లో ఉన్నవాళ్లకి బాంబు తగలదు, ఆ మోతలో మీ అడుగులూ ఎవరికీ వినపడవు.

22. ఫ్లేర్ గన్ దొరికిందని ఎక్కడ పడితే అక్కడ పేల్చకండి. జోన్ లోపల పేలిస్తే పెద్ద డబ్బా వస్తుంది, బయట పేలిస్తే తూటాలు తట్టుకునే జీపు వస్తుంది. జోన్ దూరంగా ఉంటే జీపే మేలు.

23. ఆ ఫ్లేర్ వెలుగు ఊరంతా చూస్తుందని మర్చిపోకండి. చుట్టూ గోడలున్న చోట పేల్చి, నలుగురూ నాలుగు కిటికీల దగ్గర సర్దుకుంటే వచ్చేవాళ్లే మీకు దొరుకుతారు.

24. పదిమందో పన్నెండుమందో మిగిలాక పడే డ్రాప్ ఎంత దగ్గరున్నా ముట్టుకోకండి. అప్పుడు దాని వైపు కదిలినవాణ్ణి మిగతా అందరూ కాలుస్తారు.

25. పోటీల్లో ఆడదామనుకునే పిల్లలుంటే లెక్క చెప్పండి: మొదటి స్థానానికి 10 పాయింట్లు, ఒక్కో ఫినిష్‌కి 1. డబ్బా దగ్గర ఇద్దర్ని కొట్టి పదో స్థానంలో పోతే చేతికొచ్చేది 2.

26. పెద్ద టీములు డ్రాప్‌ని ఎలా వదిలేస్తాయో చూడాలంటే బీజీఎంఐ పోటీ బీజీఐఎస్ 2024 ఫైనల్స్ చూపించండి. ఆ ఏడాది జూన్ 28 నుంచి 30 దాకా మన హైదరాబాద్ హైటెక్స్‌లోనే 16 టీములతో జరిగాయి, టీమ్ ఎక్స్‌స్పార్క్ గెలిచింది. తుపాకీ మోత కన్నా వాళ్లు జోన్‌లో చోటు పట్టుకునే తీరు చూడమనండి.

27. తాడేపల్లిగూడెం వైపు హాస్టళ్లలో కంప్యూటర్ మీద డోటా 2 ఆడే పిల్లలకీ ఒక మాట. ఆ ఆటలో రోషన్ అనే రాక్షసుణ్ణి చంపితే వచ్చే ఏజిస్ కవచం 5 నిమిషాలే ఉంటుంది. తీసుకున్న వెంటనే టవర్ల మీదకి పోండి, అడవిలో తిరుగుతూ కరగబెట్టకండి. చచ్చిన రోషన్ మళ్లీ 8 నుంచి 11 నిమిషాల మధ్య వస్తాడు కాబట్టి చచ్చిన టైము చాట్‌లో రాసిపెట్టుకుంటే ఎదుటివాళ్ల కంటే ముందే అక్కడుంటారు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ ఈస్పోర్ట్స్‌లో మన దేశానికి కాంస్యం తెచ్చింది ఈ ఆటే.

28. ముందు చచ్చినవాడు ఫోన్ పక్కన పడేసి వెళ్లిపోకూడదు. మనవాళ్ల తెర చూస్తూ దిక్కులు చెబుతుంటే ఖర్చు లేకుండా ఇంకో జత కళ్లు దొరికినట్టే.

29. రొయ్యల చెరువు గట్టు మీద కాపలా షెడ్డులో ఆడే పిల్లలకి ఏరేటర్ల మోతలో అడుగుల చప్పుడు అస్సలు తెలీదు. తీగున్న మామూలు ఇయర్‌ఫోన్ కొనివ్వండి. బ్లూటూత్‌వాటిలో శబ్దం ఒక్క క్షణం ఆలస్యంగా వస్తుంది, ధరా ఎక్కువే.

30. బొటనవేళ్లకి చిటికెడు టాల్కం పౌడర్ రాయండి. మన ఉక్కకి పట్టే చెమటలో వేలు తెరకి పట్టేయకుండా, గురి తప్పకుండా ఉంటుంది.

31. ఛార్జింగ్ పెట్టి ఆడనివ్వకండి, ఆడేటప్పుడు వెనక కవర్ తీసేయమనండి. ఫోన్ కాలిందంటే సరిగ్గా డబ్బా దగ్గరే ఆట ఆగి ఆగి నడుస్తుంది.

32. గ్రాఫిక్స్ "స్మూత్"లో పెట్టుకుంటే పాత ఫోన్లో కూడా ఆట సాఫీగా సాగుతుంది, కొత్త ఫోన్ ఖర్చు తప్పుతుంది. నలుగురూ ఒకే హాట్‌స్పాట్ మీద వేలాడకండి. అప్‌డేట్లు రాత్రి పడుకునే ముందు వేసుకుంటే మర్నాటి డేటా మిగులుతుంది.

33. అన్నం పెట్టి పిలిచే ముందు ఏ మ్యాప్ అని అడగండి. ఎరాంగెల్ అయితే దాదాపు అరగంట, లివిక్ అయితే అందులో సగం; ఆ లెక్కన పొయ్యి మీద కూర దించితే అరుపులూ ఉండవు, చల్లారిన అన్నమూ ఉండదు.

34. 18 ఏళ్లలోపు పిల్లలకి ఈ ఆటలో రోజుకి 3 గంటలే అని కంపెనీయే హద్దు పెట్టింది. మీ పుట్టినతేదీతో అకౌంట్ తెరిచివ్వకండి, ఆ హద్దు ఎగిరిపోతుంది.

35. యూసీ (ఆటలో వాడే డబ్బు) పెట్టి కొనే చొక్కాలకి, తుపాకీ రంగులకి తూటా ఒక్క పిసరు కూడా గట్టిగా తగలదు. సంక్రాంతికి చేతికొచ్చిన మామూళ్లు అందులో పోయకుండా మంచి ఇయర్‌ఫోన్‌కి దాచమనండి.

36. తలా వంద వేసుకుని కస్టమ్ రూమ్‌లో పందెం ఆడదామని ఎవరన్నా పిలిస్తే పిల్లల్ని పంపకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025లో వచ్చిన చట్టం నిషేధించింది.

37. "ఫ్రీ యూసీ" అని వాట్సాప్‌లో వచ్చే లింకులు ఒక్కటీ నిజం కాదు. మీ ఫోన్‌కి వచ్చిన ఓటీపీ పిల్లలు అడిగినా సరే, ఎందుకో చూడకుండా చెప్పకండి వదినా.