ఈ వయసులో సోకులేంది?

సంగారెడ్డి జిల్లా ఝరాసంగం స్థలపురాణం ఒక చర్మరోగం కథతోనే మొదలవుతుంది. సూర్యవంశపు రాజు కుపేంద్రుడు ఒంటినిండా చర్మవ్యాధితో వేటకు వచ్చి, కేతకీవనంలో కనిపించిన నీటిధారలో ఒళ్లు కడుక్కున్నాడట. జబ్బు మాయమైంది. కలలో కనిపించిన సంగమేశ్వరుడికి ఆయన గుడి కట్టించాడని భక్తులు చెప్పుకుంటారు. నేటికీ కేతకీ సంగమేశ్వరాలయం గుండంలో మునిగేవాళ్లలో ఒంటి బాధలు పోవాలని మొక్కుకునేవాళ్లు ఉంటారు. రాజు తన చర్మం గురించి దిగులుపడితే అది పురాణమైంది. నలభై ఎనిమిదేళ్ల ఆడమనిషి అదే దిగులు పైకి చెబితే మాత్రం ఇంట్లోనే ఎవరో ఒకరు అంటారు: "ఈ వయసులో సోకులేంది?"

ఆ ఒక్క మాట చేసే నష్టం చిన్నది కాదు. నవ్వుతారనే భయంతో ఆమె డాక్టర్ని అడగదు, కూతుర్నీ అడగదు. మందుల దుకాణంలో గొంతు తగ్గించి "మొహానికేమన్నా ఉంటే ఇయ్యి" అంటుంది. దుకాణదారు ఏదో ఒక ట్యూబు చేతిలో పెడతాడు. చాలామంది కథలు అక్కడే దారి తప్పుతాయి.

మన దేశంలో ఆడవాళ్లకు సగటున 46, 47 ఏళ్లకు ముట్లుడుగుతాయి. పాశ్చాత్య దేశాల్లో అది 51 ప్రాంతం. అండాశయాల్లో ఈస్ట్రోజెన్ తగ్గిపోతే ఆవిర్లు, నిద్రలేమి వస్తాయని చాలామందికి తెలుసు. చర్మం కూడా ఆ హార్మోను మీదే ఆధారపడి ఉందన్న సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. నెలసరి ఆగిన తొలి ఐదేళ్లలో చర్మంలోని కొల్లాజెన్ దాదాపు 30 శాతం పోతుంది. ఆ తర్వాత ఏటా మరో 2 శాతం. నూనె ఊరడం తగ్గుతుంది, చర్మం పల్చబడుతుంది, కారణం లేకుండా దురద పుడుతుంది. నిన్నటిదాకా పడిన సబ్బే ఇవాళ చిటచిటలాడిస్తుంది. ఇది సోకుల సమస్య అని ఎవరైనా అంటే వాళ్లకు శరీరశాస్త్రం కొంచెం చెప్పాలి.

తెలంగాణలో దీనికి ఇంకో మెలిక ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో నూటికి ముగ్గురు చిల్లర అయితే, తెలంగాణలో ఎనిమిది మందికి పైనే. ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు అంతే. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద హైదరాబాద్ వైద్యులు వింజమూరి ప్రకాశ్, ఎస్.వి. కామేశ్వరి ఏళ్ల తరబడి గొంతెత్తారు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా వీటిని అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ ఆ రోజే వచ్చేస్తుంది. వాటిని ఉంచినా మామూలుకన్నా ముందే రావచ్చు. పైగా నెలసరి అనే గుర్తే లేకపోవడంతో అది ఎప్పుడొచ్చిందో ఆమెకు తెలియదు. ముప్పై ఎనిమిదేళ్లకే మొహం ఎండిపోతుంటే ఎండనో నీళ్లనో తప్పుపడుతుంది.

ఈ దశలో రెటినాల్ పేరు వినిపించడం సహజం. ఫోన్ తెరిస్తే దాని ప్రకటనలే. అది విటమిన్ ఎ రూపం. చర్మంలోకి వెళ్లాక రెండు మెట్లలో రెటినోయిక్ ఆమ్లంగా మారి, పైపొర కణాలను చురుగ్గా పుట్టిస్తుంది, లోపలి పొరలో కొల్లాజెన్ తయారీని ప్రేరేపిస్తుంది. మార్పిడికి పట్టే ఆ రెండు మెట్ల వల్లే ఇది నెమ్మది, కొంత సౌమ్యం. ట్రెటినాయిన్‌కి ఆ మెట్లు అక్కర్లేదు, అది నేరుగా రెటినోయిక్ ఆమ్లమే. అందుకే చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన మందు.

ట్రెటినాయిన్‌ను మొటిమల మందుగా నిలబెట్టినవాడు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్. 1971లో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది. వాడిన నడివయసు స్త్రీలు ముడతలు కూడా తగ్గాయని చెప్పడంతో పరిశోధన అటు మళ్లింది. 1988లో మిచిగాన్ వైద్యులు 30 మంది మీద 16 వారాలు పరీక్షించి, ఎండకు పాడైన చర్మం మెరుగుపడుతుందని తేల్చారు. వాళ్లలో చాలామందికి చర్మం ఎర్రబడి పొట్టు లేచింది కూడా. క్లిగ్‌మన్ పేరు చెప్పినప్పుడు ఇంకోటీ చెప్పాలి: ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల మీద, అందులోనూ ఎక్కువగా నల్లజాతివారి మీద, ఆయన ఇరవై ఏళ్లకు పైగా ప్రయోగాలు చేశాడు. ఈ రంగం మెరుపు వెనక ఆ మరక ఉంది.

ఇక వయసు సంగతి. 2007లో మిచిగాన్‌లోనే 36 మంది వృద్ధులకు 0.4 శాతం రెటినాల్ లోషన్‌ను వారానికి మూడుసార్ల దాకా, 24 వారాలు చేతి పైభాగంలో రాశారు. సన్న ముడతలు తగ్గాయి, చర్మంలో తేమ పట్టుకునే పదార్థాలు పెరిగాయి. ఆ 36 మంది సగటు వయసు 87. నలభై ఎనిమిదేళ్ల మనిషిని ఈ వయసులో ఎందుకని అడిగేవాళ్లకు ఇంతకన్నా జవాబేం కావాలి?

అయితే జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లాంటి చోట్ల ఈ జాతి మందు గాజుసీసాలో వచ్చే ఖరీదైన సీరంగానే రాదు. మంగు మచ్చలకని అమ్మే ట్యూబులో దాక్కుని వస్తుంది. 1975లో అదే క్లిగ్‌మన్ మచ్చలు పోగొట్టే ఒక మిశ్రమం ప్రకటించాడు: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టిరాయిడ్. ఆ మూడింటి వారసులే నేడు మన మందుల దుకాణాల్లో "తెల్లబడే క్రీము"గా చలామణీ అవుతున్నాయి. డాక్టరు కొద్ది వారాలకని రాసే మందును ఏళ్ల తరబడి ఫెయిర్‌నెస్ క్రీములా పూసుకుంటే మొదట మొహం మెరుస్తుంది, తర్వాత స్టిరాయిడ్ పనిచేయడం మొదలవుతుంది. చర్మం పల్చనై నరాలు కనిపిస్తాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి, మానేసిన వారంలోనే మంట. మెనోపాజ్ వల్ల ముందే పల్చబడిన చర్మానికి ఇది రెండో దెబ్బ. 2018లో కేంద్రం అనేక స్టిరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలోకి చేర్చింది. జాబితా కాగితం మీద ఉంది, కౌంటరు మీద ట్యూబూ ఉంది. ఇలాంటిది నెలల తరబడి రాస్తున్నవాళ్లు దాని మీద రెటినాల్ ఎక్కించకూడదు, ఉన్నదాన్ని ఒక్కసారిగా మానేయకూడదు కూడా. చర్మవైద్యుల చేతుల మీదుగా మెల్లగా దిగాలి.

మరి సవ్యంగా వాడటం ఎలా? ఇక్కడ అక్కరకొచ్చే గుణం ఓపిక ఒక్కటే, అదే అందరికీ కష్టం. ఐరోపా సమాఖ్య 2024లో మొహానికి రాసే ఉత్పత్తుల్లో రెటినాల్ 0.3 శాతం మించకూడదని నియమం పెట్టింది. మన ఆన్‌లైన్ అంగళ్లలో 1 శాతం సీసాలూ దొరుకుతాయి. ఎక్కువ శాతం ఉంటే త్వరగా పనిచేస్తుందనుకోవడమే తొలి పొరపాటు. 0.1 నుంచి 0.3 శాతంతో మొదలుపెట్టాలి. మొదట చెవి వెనకో మోచేతి లోపలివైపో నాలుగైదు రాత్రులు రాసి చూడాలి. పడితే వారానికి రెండు రాత్రులు చాలు, నెలన్నర దాకా పెంచే ఆలోచనే వద్దు. మొహం కడుక్కుని, పూర్తిగా ఆరాక, మొత్తం మొహానికి కలిపి శనగగింజంత. చర్మం పొడిగా ఉన్నవాళ్లు ముందు ఒక పూత మాయిశ్చరైజర్, ఆపైన రెటినాల్, మళ్లీ మాయిశ్చరైజర్ వేసుకోవచ్చు. ఘాటు కాస్త తగ్గుతుంది, పని ఆగదు. కనురెప్పలు, ముక్కు పక్క మడతలు, పెదవుల మూలలు వదిలేయాలి.

రెండో వారంలో పొట్టు లేస్తుంది. సరిగ్గా అప్పుడే చేయి సున్నిపిండి వైపు వెళ్తుంది. రుద్దకూడదు. నిమ్మరసం, స్క్రబ్బు, ఆమ్లాలున్న సీరంలు ఆ రాత్రుల్లో దగ్గరికి రానివ్వకూడదు. పెళ్లికో పండక్కో పై పెదవికి, కనుబొమ్మలకు త్రెడింగ్, వ్యాక్సింగ్ చేయించుకునేవాళ్లు దానికి వారం ముందే రెటినాల్ ఆపాలి, లేకపోతే దారంతో పాటు చర్మమూ లేచొస్తుంది. కాస్త చిరచిర, పొట్టు ఉంటే రెండు రాత్రులు విరామమిచ్చి కొనసాగించొచ్చు. వాపు, నీరు కారడం, భరించలేని మంట ఉంటే అది అలవాటుపడే దశ కాదు, ఆపేయాలి. ఆవిర్లతో పాటు బుగ్గలు ఎప్పుడూ ఎర్రగా ఉండేవాళ్లకు రోజేసియా ఉండొచ్చు. ఎగ్జిమా ఉన్నవాళ్లూ, వీళ్లూ డాక్టర్ని అడిగాకే ముట్టుకోవాలి. ఫలితం కనిపించడానికి కనీసం మూడు నెలలు. అన్నట్టు, ఇది ఆవిర్లను తగ్గించదు, పోయిన ఈస్ట్రోజెన్‌ను తేదు.

ముట్లు ఆగిపోయాయి కదా అనుకుని చాలామంది పట్టించుకోని విషయం గర్భం. వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతేనే మెనోపాజ్ అంటారు. నాలుగు నెలలు రాక, ఐదో నెల వచ్చే దశలో గర్భం నిలిచే అవకాశం ఉంటుంది. గర్భవతులు రెటినాల్, ట్రెటినాయిన్ లాంటి రెటినాయిడ్లు వాడకూడదు. గర్భసంచి లేనివాళ్లకు ఈ భయం లేదు.

ఇక ఎండ. ఝరాసంగం మండలంలో చెరకు, అల్లం, ఆలుగడ్డ, కంది చేలల్లో పొద్దంతా కలుపు తీసే మనిషికి రెటినాల్ సిఫారసు చేసే వ్యాసం నిజాయితీగా లేనట్టే. కొత్తగా రెటినాల్ రాస్తున్న చర్మానికి ఎండ త్వరగా తగులుతుంది. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రెండు మూడు గంటలకోసారి రాయాలి, చెమటలో అది నిలవదు. నెలకో సన్‌స్క్రీన్, ఒక సీసా రెటినాల్ కలిస్తే కూలి డబ్బులో పెద్ద భాగమే. ఆమె మొదట ఖర్చు పెట్టాల్సింది మొహం మీదికి వచ్చే కొంగుకో వెడల్పు అంచు టోపీకో, స్నానమయ్యాక రాసే మామూలు వాజిలిన్‌కో. అవి చేసే మేలు తక్కువేం కాదు. నీడపట్టున పనిచేసే టీచరమ్మ, ఏఎన్ఎం, దుకాణం నడిపే ఆవిడ సంగతి వేరు.

రెటినాల్ పడనివాళ్లకు బాకుచియోల్ అనే పదార్థం ఉంది. అది బావంచాల నుంచి వస్తుంది, బొల్లి వైద్యంలో మన పెద్దలు వాడిన గింజలే. 2019లో 44 మంది మీద 12 వారాలు జరిగిన పరీక్షలో ముడతలు, మచ్చల విషయంలో అది 0.5 శాతం రెటినాల్‌కు దీటుగా నిలిచింది, మంట తక్కువ. అలాగని బావంచాలు నూరి మొహానికి పట్టిస్తే ప్రమాదం. ఆ గింజల్లో సోరలెన్ ఉంటుంది, ఎండ తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. శుద్ధి చేసిన బాకుచియోల్ వేరు, పచ్చి గింజ వేరు.

విటమిన్ ఎ మాత్రలు మింగితే పని తొందరగా అవుతుందనే వాళ్లూ ఉన్నారు. అధిక మోతాదు కాలేయానికి, ఎముకలకు చేటు. మెనోపాజ్ తర్వాత ఎముకలు అసలే బలహీనం. ఆకుకూరల్లోంచి వచ్చేదానితో ఆ భయం లేదు, వాటిలోని కెరోటిన్‌ను శరీరం కావాల్సినంతే మార్చుకుంటుంది. జహీరాబాద్ చేలల్లో విత్తకుండానే మొలిచే తుమ్మికూర, దొగ్గలి, జొన్నచెంచలి, సన్నవాయిలిని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు దశాబ్దాలుగా కాపాడుకుంటున్నారు. ముడతలు పోతాయని వాటిని తినక్కర్లేదు, తిన్నందుకు ముడతలు పోవు కూడా. ఒళ్లు బాగుంటుంది, అంతే.

ఆ సంఘాల దగ్గర నేర్చుకోదగింది ఇంకొకటి ఉంది. ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో 2008 అక్టోబర్ 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది దళిత మహిళలు. పొలం పనులు చేసే కుటుంబాల ఆడవాళ్లు మైకు ముందు కూర్చుని పంట, ఆరోగ్యం, పాట అన్నీ తమ యాసలోనే మాట్లాడారు. మనకెందుకులే అనుకుని ఉంటే ఆ రికార్డింగు గది తలుపు తెరుచుకునేది కాదు. మందుల దుకాణంలో "దీంట్లో ఏమేం కలిపిండ్రు?" అని అడగడానికి కావలసిన ధైర్యం దానికంటే ఎక్కువేం కాదు.

అడగటం అలవాటు లేనివాళ్లకు ఒక తేలిక దారి: ఇంట్లో ఉన్న ప్రతి క్రీముకు, ట్యూబు వెనకవైపు కనబడేలా, ఫోన్లో ఫోటో తీసిపెట్టుకోవడం. ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్, మొమెటసోన్, బీటామెథసోన్, క్లోబెటాసోల్ అన్న పేర్లేమైనా ఉన్నాయేమో పదో తరగతి చదివే పిల్లో పిల్లాడో చదివి చెప్పగలరు. జహీరాబాద్‌లోనో సంగారెడ్డిలోనో చర్మవైద్యుల దగ్గరికి వెళ్లినప్పుడు ఆ ఫోటోలు చూపించి, చివరి నెలసరి ఎప్పుడొచ్చిందో, ఆపరేషన్ అయితే అండాశయాలు ఉన్నాయో లేదో, బీపీకో థైరాయిడ్‌కో ఏ మాత్రలు వాడుతున్నారో చెబితే చాలు. ఆపరేషన్ అప్పటి డిశ్చార్జి కాగితం బీరువాలో ఎక్కడో ఉంటుంది, బయల్దేరే ముందు వెతికి సంచిలో పెట్టుకోవాలి.