ఒక గింజ, పెక్కు పేర్లు

వానకాలపు సాయంసమయమున బజారు మూలలందు బొగ్గుల కుంపట్లపై కంకులు కాలుచుండును. ఆ కమ్మని వాసన సోకిన బాటసారి ఆగక మానడు. కోస్తా జిల్లాలలో నతడు మొక్కజొన్న పొత్తు నడుగును. తెలంగాణమున మక్క కంకి కావలెననును. హైదరాబాదు వీధులలో బుట్టా యన్నను చెల్లును. ఒలిచిన గింజలు ఒకచోట మొక్కజొన్న గింజలు, వేరొకచోట మక్కలు. ఆ మక్కలను రుబ్బి వండిన గారెలు తెలంగాణపు టిండ్లలో ఎంతయో ప్రీతిపాత్రములు.

పల్లె నుండి వచ్చి పట్టణపు బడిలో చేరిన బాలుడు 'మక్కలు' అన్నప్పుడు తోడివారు నవ్వుట కలదు. మొక్కజొన్న యనుటయే సరియని వారి తలంపు. ఆ నవ్వు తగినదో కాదో ఈ గింజ పుట్టుక తెలిసినగాని చెప్పరాదు.

ఇది మన దేశమున పుట్టిన ధాన్యము కాదు. సుమారు 9000 సంవత్సరములకు పూర్వము మెక్సికో దేశపు దక్షిణభాగమున నున్న జనులు టియోసింటి యను అడవిగడ్డిని తరతరములుగా సాగుచేసి దీనిని సాధించిరి. 1492లో కొలంబసు కరీబియను దీవులు చేరిన పిమ్మట ఇది సముద్రములు దాటెను. ఆ దీవులలోని టైనో జనుల మాట నుండియే 'మెయిజ్' అను పేరు ఐరోపా భాషలకు ప్రాకెను. అయినను క్రొత్త గింజకు తమ పాత గింజ పేరు తగిలించినవారు పెక్కురు. ఇంగ్లండున 'కార్న్' అనగా ధాన్యము, ముఖ్యముగా గోధుమ. అమెరికాకు వలసపోయిన ఆంగ్లేయులు దీనిని 'ఇండియన్ కార్న్' అనిరి. ఆ 'ఇండియన్' అను మాటకు మన దేశముతో సంబంధము లేదు. అది అచటి ఆదివాసులను గూర్చినది. నేడు అమెరికాలో కార్న్ అన్న ఇదియే.

మనవారును అట్లే చేసిరి. ఆకును కాండమును జొన్నను పోలియుండుటచే జొన్న యనిరి. కన్నడిగులకిది మెక్కెజోళము, తమిళులకు మక్కాచ్చోళము. జోళమన్నను చోళమన్నను జొన్నయే. హిందీవారు మక్కా యందురు. మొక్కజొన్న జొన్నకు చుట్టమే కాని జొన్న కాదు. 'మక్కలు' అన్న బాలుడు పొరుగు భాషలన్నిటను వినవచ్చు మాటనే పలికెను. నవ్వినవారి మాటలోనే లేని జొన్న చేరియున్నది!

ఇప్పుడు తీపిరకము వచ్చినది. ఉడికిన గింజలలో వెన్నయు, కారమును, నిమ్మరసమును కలిపి యమ్మువాడు దానిని 'స్వీట్ కార్న్' అనియే పిలుచును. సాధారణపు గింజ ముదిరినకొలది అందలి చక్కెర పిండిగా మారును. తీపిరకమున వంశపారంపర్యముగా వచ్చు ఒక మార్పు వలన ఆ పని కుంటుపడును. అందుచేతనే దాని యెండు విత్తనము ముడుతలు పడియుండును. పాలు పట్టిన దశలో కోసి త్వరగా వండవలెను. ఆలసించినచో తీపి తగ్గును.

తినువానికి పేరేదైనను ఒకటియే. విత్తువానికి అట్లు కాదు. పొత్తు కొన వ్రేలాడు పీచులో ఒక్కొక్క పోగు ఒక్కొక్క గింజకు చెందినది. పుప్పొడి ఆ పోగుపై పడినగాని గింజ కట్టదు. అన్నియు మొక్కజొన్నయే కదా యని ఒక రైతు తీపిరకము ప్రక్కనే సాధారణ రకమును వేసెననుకొనుడు. రెండును ఒకేసారి పూసినచో, గాలికి వచ్చిన పుప్పొడి వలన తీపి పొత్తులలో ఆ పంటకే పిండిగింజలు కట్టును. అట్టి పొత్తును కొరికినవాడు మరల ఆ రైతు వద్ద కొనడు. అందుచే చేల నడుమ దూరముంచుటయో, విత్తు దినములను ఎడము చేయుటయో అవసరము. పేలాలకు మరియొక రకము కలదు. గట్టి పైపొర లోపలి ఆవిరిని బంధించినగాని గింజ పేలదు. 'బేబీ కార్న్' అనునది గింజ కట్టక మునుపే కోసిన లేత పొత్తు.

విత్తనముల దుకాణమునకు వచ్చిన రైతు 'మక్క విత్తులు కావలె' ననును. 'తీపివా, మామూలువా, పేలాలకా?' అని దుకాణదారు అడుగును. 'మక్క' యన్నందులకు అచట నవ్వువారెవరును లేరు.