భగవంతుని ఉనికిని ప్రశ్నింపవచ్చునా?

భగవంతుడున్నాడా అనునది యొక ప్రశ్న. ఆ ప్రశ్న నడుగుటకు మానవునికి అధికారము కలదా అనునది మరియొక ప్రశ్న. మన పెద్దలు పలుమారు ఈ రెంటిని కలిపివేసి, రెండవదానికి కోపముతో సమాధానము చెప్పుదురు. బ్రిటన్‌లో పుట్టిపెరిగిన మన పిల్లలు ఆలయములందలి తెలుగు తరగతులకు వచ్చి పద్యములు నేర్చుకొందురు. పదునాలుగేండ్లు వచ్చుసరికి వారిలో ఒకడు "ఇది నిజమని ఎట్లు తెలియును?" అని యడుగును. "అట్లనరాదు, కళ్లు పోవును" అని జవాబు వచ్చును. మరుసటి యేడు ఆ పిల్లవాడు తరగతిలో కానరాడు. 2021 జనాభా లెక్కలలో ఇంగ్లండు, వేల్సు ప్రాంతములందు నూటికి 37 మంది తమకే మతమును లేదని తెలిపిరి. అట్టి దేశమున పెరుగువారికి ఈ సందేహము కలుగుట సహజము. కావున దానిని గూర్చి నెమ్మదిగా విచారించుట మేలు.

ఇందుకు తగిన పాఠము లండను నగరమునందే కలదు. 1931లో రౌండు టేబులు సమావేశమునకు వచ్చిన గాంధీగారు పెద్ద హోటళ్లను కాదని, తూర్పు లండనులోని బో ప్రాంతమున, పేదల నడుమనున్న కింగ్‌స్లీ హాలులో బస చేసిరి. అక్టోబరులో కొలంబియా గ్రామఫోను కంపెనీవారు అక్కడనే వారి కంఠమును రికార్డు చేసిరి. గాంధీగారు రాజకీయములు మాటలాడక, 1928లో తమ 'యంగ్ ఇండియా' పత్రికయందు దైవమును గూర్చి ప్రకటించిన వ్యాసమునుండి చదివిరి. ఆ రికార్డు నేటికిని వినవచ్చును. అందులో నొక ముచ్చట యున్నది. మైసూరు పల్లెలలో పేదలను, మీ రాజ్యము నేలువారెవరని గాంధీగారు అడుగగా వారికి తెలియలేదు. ఎవరో దేవుడు ఏలుచున్నాడనిరి. తమ రాజునే యెరుగని ఆ పేదలకంటె దేవుని యెదుట తాను మరింత అల్పుడు గనుక, రాజాధిరాజు జాడ తనకు అందకుండుటలో వింత లేదని గాంధీగారి వాదము.

ఈ ఉపమానము మన కుటుంబములవారికి సులభముగా బోధపడును. కోరంగి, మద్రాసు మొదలగు రేవులనుండి ఓడలెక్కి మారిషస్, నేటాల్, ఫిజీ చేరిన మన పూర్వులకు చెరకుతోటలో సర్దారు తెలియును, ఓవర్సీయరు తెలియును. అసలు యజమాని సముద్రమున కావల ఏ నగరమున కూర్చుండెనో పలువురికి తెలియదు. ఐనను వాని లెక్కల ప్రకారమే పని నడచెను. మారిషస్‌లో ఒకనాడు పనికి రానివానికి రెండునాళ్ల కూలి కోయు 'డబుల్ కట్' పద్ధతి యుండెడిది. కానరానివాడు లేనివాడు కాడని వారికి వేరుగా బోధింప నక్కరలేదు.

అయితే ఈ ఉపమానము కొంత దూరమే నడచును. మైసూరు పల్లెవాడు కాలినడకన పట్టణమునకు పోయి, దసరా ఊరేగింపులో రాజును కన్నులార చూడవచ్చును. తోట కూలి చదువు నేర్చినచో కాగితములలో యజమాని పేరు కనుగొనవచ్చును. వారి యజ్ఞానము తీరునట్టిది. దేవుని విషయమున ఏ పట్టణమునకు నడువవలెను? కానరాని యజమాని యొకడుండెననుట నిజమే. కాని కానరానిదెల్ల ఉన్నదని చెప్పుటకు అది చాలదు.

గాంధీగారిని ఈ విషయమున నిలదీసిన వారిలో నొకరు తెలుగువారే. గోరా యని పేరొందిన గోపరాజు రామచంద్రరావుగారు (1902–1975) వృక్షశాస్త్రము బోధించిన అధ్యాపకులు. దైవమును గూర్చిన తమ అభిప్రాయముల వలన కాకినాడ కళాశాలలో ఉద్యోగము పోగొట్టుకొన్నవారు. 1930లో వారు, దేవుడను మాటకు అర్థమేమని గాంధీగారికి లేఖ వ్రాసిరి. దేవుడు మానవబుద్ధికి అందడని సమాధానము వచ్చెను. ఇచట చదువరులు కొంచె మాగవలెను. బుద్ధికి అందడనుట నిజమైనచో, ఉన్నాడని ఘంటాపథముగా చెప్పువాని బుద్ధికిని అందడు, లేడని చెప్పువాని బుద్ధికిని అందడు. కనుక ఆ సమాధానము పిల్లవాని నోరు మూయించుటకు పనికిరాదు. అది పెద్దలకును వర్తించును.

1940లో గోరాగారు కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1944లో సేవాగ్రామమునకు పోయి గాంధీగారితో ముఖాముఖి చర్చించిరి. అస్పృశ్యతను రూపుమాపుటకు నాస్తికత్వమే తగిన మార్గమని వారి వాదము. గాంధీగారు ఆ వాదమునకు లొంగలేదు. ఐనను తన ఆస్తికత్వము సరియైనదనిగాని, గోరాగారి నాస్తికత్వము తప్పనిగాని చెప్పజాలనని ఒప్పుకొనిరి. గోరాగారి కుమార్తెకు, అంటరానివారుగా ఎంచబడిన కులమునకు చెందిన యువకునితో ఆశ్రమమున వివాహము జరుపుటకును, ఆ వివాహమున దేవుని పేరునకు బదులు సత్యమను మాటను వాడుటకును అంగీకరించిరి. 1948 జనవరిలో గాంధీగారు హత్యకు గురియైరి. మార్చిలో ఆ వివాహము సేవాగ్రామమున అనుకొన్నట్లే జరిగెను.

ఇదియంతయు ఇరువదవ శతాబ్దపు పోకడ యని తలంపరాదు. ఋగ్వేదము పదవ మండలమందలి నాసదీయసూక్తము, సృష్టి మూలము దాని అధ్యక్షునికైనను తెలియునో తెలియదో యని ముగియును. అంత దూరము పోనేల? మన పిల్లలు తరగతులలో నేర్చుకొను గజేంద్రమోక్షణమునే చూడుడు. ఇది బమ్మెర పోతన 15వ శతాబ్దమున తెనిగించిన భాగవతమున అష్టమస్కంధమందున్నది. మొసలికి చిక్కి, చిరకాలము పెనగులాడి, బలముడిగిన యేనుగు జగత్కారణుని స్తుతించును. ఆ స్తుతి నడుమనే, అందరును చెప్పుకొను ఆ రక్షకుడు వాస్తవముగా నున్నాడా యని శంకించును. పోతన పరమభక్తుడు, ఐనను ఆ శంకను కప్పిపుచ్చలేదు, దానికొక పద్యమునే కేటాయించెను. కొన్ని పద్యముల తరువాత గాని శరణాగతి రాదు. తరగతులలో శరణాగతి పద్యమును కంఠస్థము చేయించి, సంశయ పద్యమును దాటవేయుట సరికాదు. రెంటిని కలిపి, ఆ వరుసలోనే నేర్పవలెను. అప్పుడు "ఎట్లు తెలియును?" అను పిల్లవానికి, తన ప్రశ్న తెలుగు పద్యములో ముందే యున్నదని తెలియవచ్చును.

ఏనుగు మొర విని బ్రహ్మాదులు ఊరకుండిరని పోతన చెప్పును. శ్రీహరి మాత్రము లక్ష్మికైనను చెప్పక, శంఖచక్రములనైనను చేపట్టక పరుగున బయలుదేరెను. మడుగు కడకు వచ్చి, నన్ను శంకించితివేమని యేనుగును అడిగినట్లు పోతన ఎక్కడను వ్రాయలేదు.