హోమ్ వదిలాక డిగ్రీ చదివేదెలా?

ప్రశ్న: నేను బళ్లారిలో ఓ బాలికల హోమ్‌లో పెరిగాను. సెకండ్ పీయూసీ పాసయ్యాను. వచ్చే నెల 18 నిండుతాయి. హోమ్ వదిలాక ఎక్కడుండాలి? డిగ్రీ ఫీజులెలా కట్టాలి?
– ఓ పాఠకురాలు, బళ్లారి

జవాబు: చట్టం లెక్కన 18 నిండితే మీరు పెద్దవారు. అందుకే వసతి, ఫీజు, కాగితాల బరువు ఒక్కసారిగా మీద పడుతుంది. అయితే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం, దాని కింది నిబంధనలు 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 దాకా, అనంతర సంరక్షణకు (హోమ్ వదిలాక అందే తోడ్పాటుకు) వీలిచ్చాయి. అర్హులకు కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు రూ.4,000 సాయం ఉంది.

* పుట్టినరోజుకు ముందే జిల్లా బాలల సంరక్షణ విభాగానికి అనంతర సంరక్షణ కోసం అర్జీ ఇచ్చి, రశీదు తీసుకోండి.
* బాలల సంక్షేమ సమితి ఉత్తర్వుల నకళ్లు దగ్గరుంచుకోండి. ఆధార్‌లో, మార్కుల కార్డులో, బ్యాంకు పుస్తకంలో పేరు ఒకేలా ఉందా చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనుక ఉంటే స్కాలర్‌షిప్ ఆగిపోవచ్చు.
* మీ పుట్టుక అనంతపురం వైపైతే, కుల ధ్రువీకరణ ఏ రాష్ట్రానిది చెల్లుతుందో తహసీల్దారు కార్యాలయంలో అడగండి.
* కాలేజీ సీటుతో పాటు ప్రభుత్వ హాస్టల్‌కు విడిగా దరఖాస్తు చేయండి.

ఏ ఏర్పాటూ లేకుండా ఖాళీ చేయమంటే ఆలస్యం చేయకండి. నేరుగా బాలల సంక్షేమ సమితిని కలవండి, లేదా 1098కి ఫోన్ చేయండి.