నిన్నటి బొమ్మ బాకీ కాదు

రోజుకో బొమ్మ వేస్తానని పూనుకున్నవాళ్లు ఎక్కడ ఆగిపోతారో గమనించారా? బొమ్మ వేయని రోజున కాదు, ఆ మర్నాడు. ‘నిన్నటిది ఒకటి, ఇవాళ్టిది ఒకటి, రెండూ వేసేస్తా’ అనుకున్న రోజున. రెండు కాస్తా మూడవుతాయి, మూడు అయిదవుతాయి. ఆదివారం కూర్చుని అన్నీ కలిపి లాగించేద్దామనుకుంటారు. ఆదివారం ఎవరింట్లోనో బారసాల తగులుతుంది. ఇక పెన్నులు డ్రాయర్లోకి, కాగితాలు అటక మీదికి.

అందుకే మొదలుపెట్టే ముందే మీతో మీరు ఒక ఒప్పందానికి రండి. తప్పిన రోజు తప్పినట్టే. ఇవాళ వేయాల్సింది ఇవాళ్టి బొమ్మ ఒక్కటే.

ఏ పంతం పట్టాలో తేల్చుకోలేకపోతే ‘ఇండెక్స్ కార్డ్ ఎ డే’ చూడండి. ట్యామీ గార్సియా అనే కళాకారిణి 2011లో మొదలుపెట్టారు. జూన్ 1 నుంచి జులై 31 దాకా 61 రోజులు, రోజుకో కార్డు. కార్డు 3 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల పొడవు. పాత లైబ్రరీల్లో కేటలాగు సొరుగు లాగితే వరసగా కనిపించేవే, దాదాపు అదే కొలత. గీయొచ్చు, రంగులేయొచ్చు, కాగితం ముక్కలు అతికించొచ్చు. రోజుకో మాట ఇస్తారు. నచ్చితే ఆ మాట మీద వేయండి, నచ్చకపోతే మీకు తోచింది వేయండి. పట్టింపు ఒక్క కార్డు విషయంలోనే.

ఆ కార్డు చవక కావడంలోనే ఉంది కిటుకు. ఖరీదైన డ్రాయింగ్ షీటు ముందు పెట్టుకుంటే మొదటి గీత గీయడానికే చెయ్యి రాదు, పాడైతే డబ్బు దండగ కదా అని. అరచేతిలో పట్టే అట్టముక్క అయితే ఆ బెంగ ఉండదు. ఇంట్లో పేరుకుపోయిన శుభలేఖలు తీయండి. లోపలి తెల్ల పేజీని కత్తెరతో సమానంగా కత్తిరిస్తే వారానికి సరిపడా కార్డులొస్తాయి. కొనాల్సిన పనే లేదు. అయితే ఒకటి చూసుకోండి, మెరుపు అట్ట వద్దు. దాని మీద బాల్‌పెన్ను జారుతుంది, జెల్ పెన్ను సిరా ఆరక వేలికంటుకుని బొమ్మంతా అలుక్కుపోతుంది. గరుకుగా ఉన్న వైపు వాడండి. నీటిరంగులు వేయాలనుంటే నీళ్లు తక్కువ వాడండి, పల్చటి అట్ట అప్పడంలా వంకర తిరుగుతుంది.

ఇక మాట సంగతి. ‘వాళ్లెవరో ఇచ్చిన మాట మీద బొమ్మ వేస్తే నా సొంతం ఏముంటుంది?’ అని కొందరు మూతి ముడుస్తారు. అవధానం చూసిన తెలుగువాళ్లు అడగాల్సిన ప్రశ్న కాదిది. పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు, దత్తపదికి నాలుగు మాటలిస్తాడు, నిషిద్ధాక్షరిలో అడుగడుగునా అక్షరాలు కాదంటాడు. పద్యం అవధానిదే అవుతుంది కానీ పృచ్ఛకుడిది కాదు. పైగా ఇచ్చిన సమస్య ఎంత వంకరగా ఉంటే పూరణ అంత రుచిగా ఉంటుంది. ‘ఏం వేయాలి’ అన్న తర్జనభర్జనలోనే అరగంట కరిగిపోయేవాళ్లకి ఎదుటివాళ్లిచ్చిన మాట ఉపకారమే.

మాట చేతికొచ్చాక నేరుగా గీతలోకి దిగకండి. కార్డు వెనకవైపు పెన్సిల్‌తో గబగబా మూడు ఆలోచనలు రాయండి. ఉదాహరణకి ఇవాళ్టి మాట ‘కుర్చీ’. మొదట తట్టేది నాలుగు కాళ్ల చెక్క కుర్చీ. అందరికీ అదే తడుతుంది, వదిలేయండి. రెండోది ఫంక్షన్ హాలు మూలన ఒకదాంట్లో ఒకటి దూర్చి పెట్టిన ప్లాస్టిక్ కుర్చీల దొంతర. బాగానే ఉంది. మూడోదానికి కాసేపు బుర్ర గోక్కుంటే, బస్సు కిటికీలోంచి ఎవరో లోపలికి విసిరి సీటు ఆపుకున్న కర్చీఫ్! మనిషి ఇంకా ఎక్కలేదు, సీటు మాత్రం ఆయనదైపోయింది. గీయడానికి సీటు అంచు ఒక గీత, ముందు సీటు వెనక ఉండే కడ్డీ ఒకటి, నలిగిన గుడ్డ మడతలు నాలుగైదు. కర్చీఫ్‌కి మాత్రం ఎర్ర స్కెచ్‌పెన్ను. పది నిమిషాల పని. మొదటి ఆలోచన ఊరందరిదీ, మూడోది మీరు ఎక్కిన బస్సులోది.

టైము ఎక్కడిది అనేవాళ్లు చాలామంది. కొత్తగా టైము వెతక్కండి, ఉన్న అలవాటుకి దీన్ని తగిలించండి. పొద్దున కుక్కర్ మూడు కూతలు వేసేలోపు, సాయంత్రం టీ తాగాక, పిల్లల ట్యూషన్ బయట ఎదురుచూసేటప్పుడు. కార్డులూ ఒకే ఒక పెన్నూ ఆ చోటనే ఉండాలి. పెన్ను కోసం మూడు గదులు తిరిగితే ఆ రోజు పోయినట్టే. ఫోన్ విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. ఎదుటివాళ్లు ఏం వేశారో మీ బొమ్మ అయ్యాకే చూడండి, ముందు చూస్తే ఎవడో వేసిన అద్భుతం కళ్లముందు ఆడుతుంటే మీ చెయ్యి ఆడదు.

రెండు మూడు వారాలకు ఊపు తగ్గుతుంది. తగ్గి తీరుతుంది, కంగారు పడకండి. ఆ రోజుల కోసం ‘కనీస కార్డు’ ఏదో ముందే తేల్చి పెట్టుకోండి. తేదీ, ఆ రోజు మాట, దాని కింద ఒక్క గీత చాలు. జ్వరమొచ్చినా, రాత్రి పదకొండుకి ఆఫీసు నుంచి వచ్చినా ఇది వేయొచ్చు. అదీ కాకపోతే సెలవు. రేపటి కార్డు మీద రేపటి తేదీ.

అసలు రోజూ వేయాలన్న నియమం కూడా దేవుడిచ్చిందేం కాదు. అక్టోబరులో ప్రపంచమంతా సిరా బొమ్మలు వేసే ‘ఇంక్‌టోబర్’ని అమెరికా చిత్రకారుడు జేక్ పార్కర్ 2009లో తన సిరా పని మెరుగుపరుచుకోవడానికి మొదలుపెట్టారు. అక్కడ 31 రోజులకు 31 మాటలుంటాయి. అయినా రోజు విడిచి రోజు వేసినా, వారానికొకటి వేసినా సరేనన్నది ఆయనే. ఏదో ఒకటి ఎంచుకుని దానికి కట్టుబడమన్నారంతే.

మన దగ్గర రోజువారీ చిన్న బొమ్మకు నిఖార్సయిన నమూనా పత్రికల పాకెట్ కార్టూన్. శ్రీధర్ ‘ఈనాడు’లో దాదాపు 40 ఏళ్లు ‘ఇదీ సంగతి’ వేశారు. ఆ రోజు వార్తే ఆయనకు దొరికిన మాట, ఒక్క కాలమ్ వెడల్పే కార్డు. నిన్నటి వార్త మీద కార్టూన్ వేసి ఇవాళ ఇస్తే ఏ ఎడిటరూ తీసుకోడు. పాచిపోయిందంటాడు.

ఇలాంటి మాటలు రాగానే బీపుల్ పేరు ఎత్తేవాళ్లుంటారు. బీపుల్‌గా పేరుపడ్డ మైక్ వింకెల్మన్ 2007 మే 1 నుంచి రోజుకో బొమ్మ చేస్తూ పోయి, మొదటి 5000 బొమ్మల కూర్పును 2021లో క్రిస్టీస్ వేలంలో 6.9 కోట్ల డాలర్ల పైచిలుకుకి అమ్మారు. ఒక్క రోజూ తప్పలేదంటారు. అలాంటివాళ్లు ఉంటారు, దండం పెడదాం. ఈ వ్యాసం మాత్రం తప్పేవాళ్ల కోసం. ఆయన నుంచి నేర్చుకోవాలంటే ఆ ధర పక్కన పెట్టి, తొలినాళ్లలో వేసిన బొమ్మలు వెతికి చూడండి. నోటుబుక్కు వెనక పేజీలో గీసినట్టుంటాయి.

జులై 31 దాటాక కార్డులన్నీ చాప మీద పరవండి. నలభై ఉన్నాయా, ఇరవై అయిదే ఉన్నాయా అని లెక్కపెట్టకండి. పెద్దగా మళ్లీ వేయాలనిపించేవి మూడు తీసి పక్కన పెట్టండి. చేతులో మొహాలో ఏవో ఒకటి ప్రతిసారీ తేడా కొడుతుంటాయి, అది ఎక్కడో గుర్తుపెట్టుకోండి, తర్వాతి సాధన దాని మీదే. మిగతావాటికి రబ్బరు బ్యాండు వేసి పాత చెప్పుల డబ్బాలో పడేయండి. ఆగస్టు, సెప్టెంబరు సెలవు. అక్టోబరుకి సిరా బుడ్డి కొనుక్కోవాలి కదా!